ఎడమచేతి ప్రత్యర్థి ఎదురైతే ఆగిపోయే ఒసోతో-గారి: ఒక బ్రౌన్ బెల్ట్ కేస్ స్టడీ

ఆటగాడికి 20 ఏళ్లు. జూడోలో 66 కేజీల విభాగం. ర్యాంకు ఇక్క్యూ, అంటే బ్లాక్ బెల్ట్‌కు ఒక్క మెట్టు కింద. కుడిచేతి వాటం. నమ్ముకున్న త్రో ఒసోతో-గారి: ప్రత్యర్థి కాలిని బయటివైపు నుంచి మన కాలితో ఊడ్చి వెల్లకిలా పడేయడం. శిక్షణ హాల్లో ఆ త్రోకి ఎదురు నిలిచేవాళ్లు తక్కువ. టోర్నమెంటుకు వెళితే మాత్రం రెండో రౌండు, మహా అయితే మూడో రౌండు దగ్గర కథ ముగుస్తోంది. ఆర్నెల్లలో అతని ముందు రెండు పనులున్నాయి. ఒకటి సీనియర్ టోర్నమెంటు, రెండోది అది అయిన కొద్ది వారాలకే షోదాన్, అంటే మొదటి బ్లాక్ బెల్ట్ పరీక్ష.

అతను తెచ్చిన ఫిర్యాదు ఒకటే: ‘పోటీలో ఒసోతో పడటం లేదు.’ అంతకుముందు సరిదిద్దినవాళ్లంతా కాలు ఊపే పద్ధతి మీదే పడ్డారు. పాదం చివర సాగదీయాలని ఒకరు, తొడ ఇంకా పైకి లేపాలని మరొకరు చెప్పారు. రోజూ వందల ఉచికోమి (పడేయకుండా త్రోలోకి వెళ్లే సాధన) చేయించారు. నిజానికి ఆ కాలులో చెప్పుకోదగ్గ లోపం లేదు. లోపం కాలు కదలడానికి ముందే, చేతుల్లో జరిగిపోతోంది. ఈ కేసులో అసలు విషయం అదే.

వీడియోల్లో ఏం కనిపించింది

ఓడిన 7 బౌట్ల వీడియోలు ముందు పెట్టుకుని, ప్రతి ‘హాజిమే’ (మొదలు) నుంచి ‘మత్తే’ (ఆగు) వరకు నాలుగే విషయాలు రాసుకున్నాం. మొదట గ్రిప్ ఎవరికి దొరికింది, ఏ చోట దొరికింది, మొదటి దాడి ఎన్ని సెకన్లకు ఎవరి నుంచి వచ్చింది, ఆ క్షణంలో ఇద్దరి ముందు పాదాలు ఎక్కడున్నాయి. స్కోరు పడిన ముక్కలను మాత్రమే చూస్తే ఇవేవీ బయటపడవు. ఓటమికి కారణం చాలాసార్లు స్కోరుకు పదిహేను ఇరవై సెకన్ల ముందే ఉంటుంది.

ఆ 7 ఓటముల్లో 5 ఎడమచేతి ఆటగాళ్ల మీద వచ్చినవి. వాటిలో రెండు మూడో షిడో (రిఫరీ వేసే శిక్ష)తో పోయాయి, రెండు ఒసోతోకి కౌంటర్ తిని పోయాయి, ఒకటి నేల మీద ఒసాయెకోమి (వెల్లకిలా నొక్కిపట్టడం)లో పోయింది. కుడిచేతి వాళ్ల మీద పోయిన మిగతా రెంటిలో ఒకటి మళ్లీ ఒసోతో-గాయెషి, అంటే ఒసోతోకి కౌంటర్.

‘పాసివ్‌గా ఉన్నాడని రిఫరీ అన్యాయంగా షిడో ఇచ్చాడు’ అన్నది ఆటగాడి వాదన. వీడియో ఆ మాటకు సాక్ష్యం చెప్పడం లేదు. ఎడమచేతి వాళ్లతో ఆడిన ప్రతి బౌట్లోనూ మొదటి నిజమైన దాడి అవతలివాడిదే. నియమాల ప్రకారం మూడో షిడో పడితే హన్సోకు-మాకే, బౌటు పోయినట్టే. సీనియర్ బౌటు 4 నిమిషాలు, అప్పటికీ తేలకపోతే సమయపరిమితి లేని అదనపు ఆట, గోల్డెన్ స్కోర్. అంతసేపు గ్రిప్ కోసమే తంటాలు పడుతూ కనిపించేవాడికి షిడో తప్పదు.

కెంకా-యొత్సులో ఒసోతో ఎందుకు అందదు

ఇద్దరూ ఒకే వాటమైతే అది ఆయి-యొత్సు, వేర్వేరు వాటాలైతే కెంకా-యొత్సు. ఈ రెంటి మధ్య తేడాను బ్రౌన్ బెల్ట్‌లు పేర్లతో చెప్పగలరు గానీ, చేతులకు అలవాటు చేసుకున్నవాళ్లు కొద్దిమందే.

ఆయి-యొత్సులో ప్రత్యర్థి కుడిచేయి మన ఎడమ కాలర్ మీదికి వస్తుంది. ఆ చేతి స్లీవ్ మన ఎడమచేతికి ఎదురుగానే ఉంటుంది. అతని కుడికాలు ముందుంటుంది. ఒసోతో-గారికి కావలసినవి ఈ రెండే, రెండూ దగ్గర్లోనే దొరుకుతాయి. మన ఆటగాడి అలవాటు కూడా ఇక్కడే ఏర్పడింది: ముందు ఎడమచేత్తో స్లీవ్, తర్వాత కుడిచేత్తో కాలర్.

ఎడమచేతి వాడు ఎదురు నిలిస్తే లెక్క తిరగబడుతుంది. ముందుకొచ్చేది అతని ఎడమచేయి, ఎడమకాలు. కుడిచేయిని వెనక్కి, పొట్ట దగ్గర దాచుకుంటాడు. కుడికాలు ఒక అడుగు వెనక ఉంటుంది. మనవాడు పాత అలవాటుతో స్లీవ్ కోసం ఎడమచేయి చాచుతాడు. చాచగానే తన ఎడమ భుజం ముందుకొస్తుంది, పాదాలు రెండూ ఒకే వరుసలోకి వస్తాయి. ఆ సందులో అవతలివాడి ఎడమచేయి లోపలి నుంచి కాలర్ పట్టేసి మోచేయి కిందికి దించుతుంది. ఇక మనవాడి కుడిచేయి బయటవైపు, ఆ చేతికి పైనుంచే పోవాలి. తల వంగుతుంది, నడుము వెనక్కి పోతుంది, దాడికి దారి ఉండదు. మొదటి షిడో ఇక్కడ పుడుతుంది.

రెండో షిడో పడగానే కంగారు మొదలవుతుంది. స్లీవ్ చేతిలో లేకపోయినా దూరం నుంచే ఒసోతోకి దూకుతాడు. కొట్టాల్సిన ప్రత్యర్థి కుడికాలు అందనంత దూరంలో ఉంది. ఆధారంగా నిలవాల్సిన అతని సొంత ఎడమ పాదం ఆ కాలి పక్కకు చేరలేక, ప్రత్యర్థి ఎడమ పాదం ముందే ఆగిపోతుంది. ఊపిన కాలు మడమ చివరతో తగులుతుంది గానీ పిక్కతో కాదు. పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. అవతలివాడు కుడికాలు ఇంకాస్త వెనక్కి వేసి నడుం తిప్పితే చాలు, పడేది మనవాడే.

కుడిచేతి వాడి మీద తిన్న కౌంటర్‌కు కారణం వేరు, సులువైనది కూడా: ఎడమ పాదం పొట్టిగా పడుతోంది. మ్యాట్ మీద ఉకే (పడేవాడు) మడమ వెనక నుంచి అడ్డంగా టేపు అంటించి చేయించాం. తోరి (పడేసేవాడు) ఎడమ పాదం ఉకే కుడి పాదం పక్కగా, ఆ టేపు దాకా వెళ్లాలి. చేరకపోతే కాలు ఊపడానికి వీల్లేదు, వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు వారాల్లో ఇది దారికొచ్చింది. దీని గురించి ఇంతకు మించి చెప్పేదేం లేదు.

గ్రిప్ వరుస మార్చడం

కెంకా-యొత్సుకు పెట్టుకున్న మొదటి నియమం: స్లీవ్ వెతకొద్దు. ముందు కుడిచేయి కాలర్‌కు, అదీ లోపలి నుంచి. ఎత్తు కాలర్ ఎముక దగ్గర. మరీ పైకి, మెడ వెనకకు పోతే మోచేయి లేచి చంక ఖాళీ అవుతుంది. మరీ కిందైతే అవతలివాడి భుజం ఆగదు. పట్టేటప్పుడు చిటికెన వేలు, ఉంగరపు వేలు ముందు బిగియాలి. చూపుడు వేలు దాదాపు వదులుగా ఉన్నా నష్టం లేదు. మణికట్టు కొద్దిగా లోపలికి వంచి, మోచేయి పక్కటెముకల వైపు దించితే అవతలి ఎడమచేతికి లోపలికి దారి మూసుకుపోతుంది. అయిదు వేళ్లూ ఒకే బిగువుతో పట్టే ఆటగాళ్ల ముంజేయి రెండో నిమిషానికే రాయిలా బిగుసుకుపోతుంది. గోల్డెన్ స్కోర్‌లో గ్రిప్ జారేది వాళ్లకే.

ఈ లోపు ఎడమచేయి ఏం చేయాలి? ఏమీ వెతకకుండా, అరచేయి తెరిచి, ఛాతీ ముందు కాపలా ఉండాలి. ఎడమచేతి వాడికి కూడా రెండో చేయి కావాలి. తన కుడిచేత్తో మన ఎడమ స్లీవ్ కోసం అతను రావాల్సిందే. వచ్చిన క్షణంలో ఆ చేతిని కింది నుంచి, స్లీవ్ చివర బట్ట ముడత పట్టి, మన తుంటి వైపు లాగాలి. వేళ్లు స్లీవ్ లోపలికి పోకూడదు, పోతే షిడో. కొత్తగా ఈ పట్టు నేర్చుకునేవాళ్లలో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. బొటనవేలు తెలియకుండానే లోపలికి దూరుతుంది.

లోపలి చోటు అవతలివాడికే ముందు దొరికితే ఏం చేయాలన్నది రెండో నియమం. బయట వేలాడుతూ ఉండిపోకూడదు. కుడి భుజాన్ని వెనక్కి తిప్పి, ఒక అడుగు పక్కకు వేసి, ఆ పట్టు విడిపించుకుని మళ్లీ మొదలుపెట్టాలి. భుజం మీదుగా వీపు పట్టుకోవడం ఇంకో దారి. అది బలమైన పట్టే గానీ, పట్టి ఊరికే నిలబడితే శిక్ష పడుతుంది, వెంటనే దాడి చేయాలి. ఈ ఆటగాడికి ఆ పట్టు నుంచి వెళ్లే త్రో లేదు. కాబట్టి ఆ దారి మూసేశాం. ఉన్న ఆర్నెల్లలో కొత్త త్రో పెట్టడం కంటే ఉన్నవాటిని దగ్గరికి తేవడం మేలనిపించింది.

దగ్గర కాలు మీద రెండు బెదిరింపులు

ఒసోతోకి కావలసిన కుడికాలు దూరంగా ఉంది. అయితే దాన్ని దగ్గరికి రప్పించాలి. ముందున్న ఎడమకాలిని లోపలి నుంచి బెదిరిస్తే ఔచి-గారి, బయట నుంచి బెదిరిస్తే కోసోతో-గాకే. రెంటిలోనూ కదిలేది మన కుడికాలే.

ఔచి-గారిలో కుడి పాదం వేళ్లు మ్యాట్‌ను రాసుకుంటూ అర్ధవృత్తం గీయాలి. గాలిలోకి లేస్తే ఔచి-గాయెషి తినడానికి సిద్ధపడినట్టే. ఛాతీ తగిలి ఉండాలి, కుడిచేతి ఒత్తిడి అతని ఎడమ మడమ వెనక్కి, కిందికి పోవాలి. ఇది పడితే స్కోరు. పడకపోతే అతను ఎడమకాలు వెనక్కి లాక్కుంటాడు. లాక్కోగానే బరువు కుడికాలి మీదికి వస్తుంది, ఆ కాలు వరుసలోకి వస్తుంది. అప్పుడు మన కుడి పాదం అతని ఎడమ పాదం ఉన్న చోటే దిగాలి, ఎడమ పాదం అతని కుడి పాదం పక్కకు దూకాలి, ఆ తర్వాతే ఒసోతో. మొత్తం మూడు తాళాలు. మధ్య తాళాన్ని మింగేసి ఔచి నుంచి నేరుగా కాలు ఊపితే మళ్లీ పాత కథే.

కోసోతో-గాకేకి గట్టి షరతు ఒకటి పెట్టాం: స్లీవ్ చేతిలో ఉంటేనే. స్లీవ్ లేకుండా బయట నుంచి కాలు తగిలిస్తే ఎడమచేతి వాడు అదే మలుపులో ఎడమ ఉచి-మాతాలోకి, మన కాళ్ల మధ్య తొడ ఊపి పడేసే త్రోలోకి, తిరిగిపోతాడు. మన తగిలించిన కాలే అతనికి సాయం చేస్తుంది.

దాడుల సంఖ్య పెంచమంటే కొందరు ఔచికి ఊరికే కాలు పెట్టి మోకాళ్ల మీద కూలబడతారు. పడేసే ఉద్దేశం లేని దాడిని రిఫరీలు ఇట్టే పసిగడతారు. దానికీ షిడోనే. మొదటి దాడి పది సెకన్లలోపు రావాలన్నది మా అంతర్గత లక్ష్యం, నియమం కాదు. గ్రిప్ రాకుండా వేసిన దాడిని ఆ లెక్కలో కలపలేదు.

వారం ఎలా గడిచింది

వారానికి అయిదు సెషన్లు. వాటిలో మూడింటిలో గ్రిప్ పని. త్రో లేకుండా, గ్రిప్ కోసమే 30 సెకన్ల పోటీ, 30 సెకన్ల విరామం, ఆరు సార్లు. తన రెండు పట్టులూ దొరికి, ప్రత్యర్థి స్లీవ్ అదుపులో ఉండగా మూడు సెకన్లు నిలబెట్టుకున్నవాడు గెలిచినట్టు. తర్వాత ముగ్గురితో చేసే సన్నిన్-ఉచికోమి: మూడోవాడు ఉకే బెల్టును వెనక నుంచి పట్టుకుని ఆపుతాడు, తోరి పూర్తి బలంతో లోపలికి వెళ్లగలుగుతాడు. ఔచి-ఒసోతో జతకు ఒక్కో సెషన్‌లో 6 చొప్పున నాలుగు సెట్లు చాలు. పాతరోజుల్లా వందలు చేయిస్తే యాభై దాటాక పాదం పొట్టిగా పడటం మొదలవుతుంది, అదే అలవాటుగా గట్టిపడుతుంది.

నాగెకోమి (పూర్తిగా పడేసే సాధన) క్రాష్ మ్యాట్ మీదే, సెషన్‌కు 12 త్రోలు మించకుండా. ఉకేలను మార్చుతూ పోవాలి. ఒసోతోలో మనిషి వెనక్కి, తల నేలకు తగిలే దిశలో పడతాడు. గడ్డం ఛాతీకి ఆనించి పడటం ఒంటబట్టని కొత్తవాళ్లను ఈ త్రోకి ఉకేగా నిలబెట్టకూడదు. పడ్డాక తల తిరుగుతోందన్నా, తలనొప్పి అన్నా ఆ రోజుకు అతని పని అయిపోయినట్టే. మర్నాడు డాక్టరు చూశాకే మ్యాట్ మీదికి. దీని మీద బేరం లేదు.

అసలు తలనొప్పి ఎడమచేతి భాగస్వాముల దగ్గర వచ్చింది. హాల్లో అలాంటివాడు ఒక్కడే, అదీ 81 కేజీలు. మొదట కుడిచేతి వాళ్లనే ఎడమ వైపు తిరిగి ఆడమన్నాం. రెండు వారాలు అంతా బ్రహ్మాండంగా సాగింది, ఆ బ్రహ్మాండమే అనుమానం కలిగించింది. వేషం వేసిన ఎడమచేతి వాడి కాలర్ చేయి బలహీనంగా, స్లీవ్ చేయి బలంగా ఉంటుంది. నిజమైనవాడి సంగతి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. పైగా నకిలీవాడు ఎడమకాలు ముందు పెట్టినా బరువు వెనక కాలి మీదే ఉంచుతాడు, అందుకే ఔచికి అంత తేలిగ్గా కాలు లాక్కుంటాడు. అతని మీద పడే ఔచి-ఒసోతో పోటీలో పడదు. మూడో వారం నుంచి వారానికి రెండు రోజులు వేరే హాలుకు పంపి, 60, 73 కేజీల నిజమైన ఎడమచేతి వాళ్లతో రాండోరి (స్వేచ్ఛగా ఆడే సాధన ఆట) చేయించాం. మొదటి నాలుగు రోజులూ పడ్డవాడు మనవాడే. పని చేసింది ఆ నాలుగు రోజులే.

గ్రిప్ పని పెరిగితే వేళ్ల కణుపులు వాస్తాయి. ఉంగరపు వేలి మధ్య కణుపుకు సెంటీమీటరు వెడల్పు టేపును కణుపు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు, మధ్యలో గుణకారం గుర్తులా వేసి, వేలు కాస్త వంచి ఉండగానే అంటించాలి. తిన్నగా చాచిన వేలికి చుడితే పిడికిలి బిగించగానే టేపు తెగుతుంది లేదా రక్తం ఆగుతుంది.

షోదాన్ పరీక్ష, కాతా, ఎడమ వైపు

పరీక్షకు ఏం కావాలో ఒక్కో సంఘం నియమావళి ఒక్కోలా ఉంటుంది. కనీస కాలం, పోటీ పాయింట్లు, కాతా (ముందే నిర్ణయించిన వరుసలో జంటగా చేసే ప్రదర్శన), త్రోల పేర్లు ఇవన్నీ రాతపూర్వకంగా ముందే తీసుకోవాలి. షోదాన్ అనే మెట్టు జూడో మాతృ పాఠశాల కోదోకాన్‌లో 1883లో మొదలైంది. జూడో స్థాపకుడు జిగోరో కానో దాన్ని మొదట తన శిష్యులు సైగో షిరో, తోమితా త్సునెజిరోలకు ఇచ్చాడు. మొదటి నుంచి అయిదో దాన్ వరకు నల్ల బెల్టే, ఆరు నుంచి ఎనిమిది వరకు ఎరుపు-తెలుపు, తొమ్మిది పదింటికి ఎరుపు.

త్రోల కాతా అయిన నాగె-నో-కాతాలో 15 త్రోలు, మూడేసి చొప్పున అయిదు వర్గాలు. చాలాచోట్ల షోదాన్‌కు మొదటి మూడు వర్గాలే అడుగుతారు: తె-వాజా (చేతి త్రోలు), కోషి-వాజా (నడుము త్రోలు), ఆషి-వాజా (కాలి త్రోలు). అంటే 9 త్రోలు. ప్రతిదీ కుడికీ ఎడమకీ చేయాలి కాబట్టి లెక్కకు 18. పోటీ ఆటగాళ్లు దీన్ని దండగ పనిగా చూస్తారు, ఇతనూ అంతే. ఎడమ వైపు త్రోలను మొక్కుబడిగా లాగించేవాడు.

అతని జబ్బుకు మందు దొరికింది అక్కడే. రెండో వర్గం ఉకి-గోషితో మొదలవుతుంది. ఉకే కుడి పిడికిలితో నడినెత్తి మీదికి కొడతాడు, తోరి ఆ దెబ్బ కిందికి ఎడమ భుజంతో చొరబడి ఎడమ తుంటి మీదుగా పడేస్తాడు. ఆ మూడు వర్గాల్లో ఎడమతో మొదలయ్యే త్రో ఇదొక్కటే. దీన్ని సరిగ్గా చేయాలంటే ఎడమ పాదం ఉకే ముందు దిగే క్షణంలో బరువెక్కడుందో తెలియాలి. ఆ బరువు మడమ మీద ఉంటే తుంటి చేరదు, పాదం ముందు భాగం మీద ఉంటేనే చేరుతుంది. ఎడమచేతి ప్రత్యర్థి దాడికి ముందు చేసేదీ ఇదే: ముందు పాదం మడమ కొద్దిగా తేలుతుంది. మడమ తేలినప్పుడు ఔచికి పోతే ఉచి-మాతాలోకి నడిచిపోయినట్టు, మడమ ఆనినప్పుడు పోతే ఔచి పడుతుంది. ఇది మాటలతో చెప్పినప్పుడు తలూపాడు. తోరిగా ఎడమ త్రోలు నిజంగా చేయడం మొదలెట్టాకే రాండోరిలో అవతలివాడి మడమను గమనించాడు.

కాతాకు సెషన్‌లో వార్మప్ అయిన వెంటనే 20 నిమిషాలు ఇచ్చాం. రాండోరి తర్వాత పెడితే అలసటతో అడుగులు పొట్టివై, మొదటి త్రో ఉకి-ఒతోషిలోనే త్సుగి-ఆషి (ఒక పాదం వెనకే మరో పాదం జరిపే నడక) మూడు అడుగులు మధ్య గీత దాటి పక్కకు జారతాయి. పరీక్షకులకు అది దూరం నుంచే కనిపిస్తుంది.

ఒక చిక్కు కూడా వచ్చింది. కాతాలోని కాతా-గురుమా (భుజాల మీదికెత్తి పడేసే త్రో)లో తోరి కుడిచేయి ఉకే కాళ్ల మధ్య నుంచి తొడను పట్టుకుంటుంది. అంతర్జాతీయ పోటీ నియమాల్లో బెల్టు కింద చేత్తో పట్టడాన్ని 2010లో కట్టడి చేశారు, 2013లో పూర్తిగా మూసేశారు. కాతా ముమ్మరంగా చేస్తున్న రోజుల్లో రాండోరిలో అతని చేయి తొడ వైపు జారడం కనిపించింది. పోటీకి ముందు పది రోజులు కాతా-గురుమా ఒక్కటి ఆపేసి, పోటీ అయ్యాక మళ్లీ ఎత్తుకున్నాం.

పేర్ల పరీక్షకు 1920లో సవరించిన గోక్యో (త్రోల పట్టిక) చాలు: అయిదు గుంపులు, ఒక్కోదానిలో 8, మొత్తం 40 త్రోలు. ఔచి-గారి, ఒసోతో-గారి రెండూ మొదటి గుంపులోవే. తడబాటు వచ్చేది జంటల దగ్గర. హిజా-గురుమాలో పాదం ఆనేది మోకాలికి, సాసాయె-త్సురికోమి-ఆషిలో చీలమండ దగ్గర. ఒసోతో-గారిలో ఒక కాలు, అయిదో గుంపులోని ఒసోతో-గురుమాలో రెండు కాళ్లూ పోవాలి. ఒసోతోతో ఇన్నేళ్లు బతికినవాడు కూడా ఈ రెంటినీ కలిపేశాడు.

బరువు, బట్టలు

మామూలు బరువు 69.8. నాలుగు వారాల ముందే 68కి దించి, అక్కడి నుంచి వారానికి అర కేజీ చొప్పున దిగాడు. చివరి రెండు రోజుల్లో పీచు తక్కువ, ఉప్పు తక్కువ తిండి, అంతే. ఆవిరి గదులు, నీళ్లు మానేయడం నిషేధం. నీళ్లు లేక దించిన రెండు కేజీలు తూకంలో కలిసొస్తాయి, గోల్డెన్ స్కోర్‌లో వడ్డీతో పోతాయి. తూకం పోటీకి ముందురోజు. అంతర్జాతీయ నియమాల్లో మర్నాడు ఉదయం కొందరిని మళ్లీ తూస్తారు, జూడోగి (జూడో దుస్తులు) లేకుండా 5 శాతం మించకూడదు. 66 కేజీలకు అది 69.3. రాత్రికి రాత్రి తిని తాగి పెంచుకుందామనుకునేవాళ్లకు ఆ హద్దు గుర్తుండాలి.

జూడోగి స్లీవ్ మణికట్టు దాకా రావాలి, బెల్టు చివరలు ముడి నుంచి 20-30 సెంటీమీటర్లు వేలాడాలి. వేడినీళ్లలో ఉతికిన నూలు జూడోగి స్లీవ్ మొదట కురచవుతుంది. ఇతని పాతది కొలతలో తప్పింది. కొత్తదాన్ని నెల ముందే కొని అయిదారు సార్లు ఉతికి, కుంచించుకున్నాక కొలిపించాం.

పోటీలో

మొదటి బౌటు కుడిచేతి వాడితో. ఒసోతో, ఇప్పాన్ (బౌటును ముగించే పూర్తి పాయింటు), ఒకటిన్నర నిమిషంలో.

రెండోది ఎడమచేతి వాడితో. కుడిచేయి లోపలికి ముందే వెళ్లింది, తొమ్మిదో సెకనుకే ఔచి. స్కోరు రాలేదు గానీ అవతలివాడు వెనకడుగు వేశాడు, ఆ తర్వాత అతని తల పైకి లేవలేదు. రెండో నిమిషంలో ఔచి-ఒసోతో జత పనిచేసి వాజా-ఆరీ (ఇప్పాన్‌లో సగం) వచ్చింది. రెండు పాదాలూ బయటికి పెట్టినందుకు మనవాడికి ఒక షిడో. అవతలివాడు మూడో షిడోతో పోయాడు.

మూడోదీ ఎడమచేతి వాడే, ఇంకా అనుభవజ్ఞుడు. 4 నిమిషాల్లో తేలలేదు. గోల్డెన్ స్కోర్ రెండో నిమిషంలో వేసిన ఔచిలో కుడి పాదం మ్యాట్‌ను వదిలి జానెడు లేచింది. ఔచి-గాయెషి. బయటికి వచ్చి ‘సార్, కాలు లేవలేదు’ అన్నాడు. వీడియోలో లేచింది. కారణం కాలు కాదు, కుడి ముంజేయి అలిసి మోచేయి లేచింది, ఛాతీకీ ఛాతీకీ మధ్య సందు వచ్చింది, ఆ సందు దాటడానికే కాలు పైకి లేచింది. ఓడినవాళ్లకు మరో అవకాశమిచ్చే రిపచేజ్‌లో ఒకటి గెలిచి కాంస్యం బౌటులో ఒసాయెకోమికి ఓడాడు. అయిదో స్థానం. షోదాన్ పరీక్ష ఆ తర్వాత మొదటిసారికే దాటాడు. ఎడమ ఉకి-గోషి మీద పరీక్షకులు ఒక్క దిద్దుబాటూ చెప్పలేదు. ఒకురి-ఆషి-హరాయిలో అడుగుల వేగం పెరగలేదని మాత్రం రాశారు.

మిగిలిన పని

రెండు మిగిలాయి. ఒకటి ముంజేయి ఓపిక. టవలు మీద గ్రిప్ పట్టి వేలాడటం వారానికి రెండు రోజులు, 20 సెకన్ల చొప్పున అయిదు సార్లు. రాండోరిలో ఒకటి 4 నిమిషాలు, ఆగకుండా దాని వెంటనే మరో 3 నిమిషాలు కొత్త భాగస్వామితో. ఔచి వేయడం రెండో భాగంలోనే.

రెండోది నేల. ఔచి పడ్డాక తోరి దిగేది ఉకే కాళ్ల మధ్యే. ఇప్పటిదాకా అక్కడ ఆగి రిఫరీ వైపు చూస్తున్నాడు. 2025 నుంచి అమల్లో ఉన్న నియమాల్లో ఒసాయెకోమి 5 సెకన్లకు యూకో (అన్నిటికంటే చిన్న స్కోరు), 10కి వాజా-ఆరీ, 20కి ఇప్పాన్. అయిదు సెకన్లకే విలువ వచ్చాక ఆ చూపు ఖరీదైనది. కాలు చిక్కుకుని ఉండగా ‘ఒసాయెకోమి’ పలకరు, అందుకే వరుస ఇలా పెట్టాం: పడుతూనే కుడిచేయి కాలర్ వదలకూడదు, తల అతని గడ్డం కిందికి పోవాలి, ఎడమచేయి అతని మోకాలిని నేలకు నొక్కాలి, కుడి మోకాలు ఆ తొడ మీదుగా అడ్డంగా జారి బయటికి రావాలి, చివరగా పాదం లాక్కోవాలి. అతను పాదాన్నే ముందు లాగుతున్నాడు. దాంతో అవతలివాడు రెండు కాళ్లూ ముడేసే వ్యవధి దొరుకుతోంది. ప్రస్తుతం నాగెకోమిలో పడే ప్రతి ఔచినీ అక్కడితో ఆపకుండా, పాదం బయటికి వచ్చి అయిదు సెకన్లు పట్టు నిలిచేదాకా సాగిస్తున్నాం. లేకపోతే ఆ త్రో లెక్కలోకి రాదు.